తోడు వెళ్లే విద్యార్థులు: గుంటూరు కళాశాల సహాయ కేంద్రంపై ఒక సమీక్ష

గుంటూరులో అమరావతి రోడ్డు వైపు ఉన్న ఒక డిగ్రీ, పీజీ కళాశాలలో విద్యార్థినులు మొదలుపెట్టి, ఇప్పుడు అబ్బాయిలు కూడా కలిసి నడుపుతున్న సహాయ కేంద్రం గురించి ఈ సమీక్ష. లైంగిక వేధింపునకు గాని, దాడికి గాని గురైనవారికి దారి చెప్పడం, వారు కోరితే ఆసుపత్రికో స్టేషనుకో తోడు వెళ్లడం, అటువంటివి మళ్లీ జరగకుండా కళాశాల పెద్దల చేత చేయించవలసినవి చేయించడం ఈ కేంద్రం పెట్టుకున్న పనులు. రుసుము ఏమీ లేదు. కళాశాల పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఆ కేంద్రంలో ఎవరు కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో ఆరా తీసేవారు మన ఊళ్లో తక్కువేమీ కాదు. నేను గుంటూరు కోర్టుల్లో న్యాయవాదిని, మరొక కళాశాలలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలో బయటి సభ్యురాలిని. ఈ కేంద్రంతో నాకు ఇచ్చిపుచ్చుకునే సంబంధం ఏదీ లేదు. వారి శిక్షణ తరగతిలో కూర్చుని, చేతిపుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి, కొత్త కార్యకర్తలతో కలిసి ఊళ్లో తిరిగి ఇది రాస్తున్నాను. అక్కడికి వచ్చినవారిలో ఏ ఒక్కరి సంగతీ ఇందులో ఉండదు. ఆనవాళ్లు మార్చి చెప్పడం కూడా నాకు సమ్మతం కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను. తమ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలిసిన సేవ ఇది. నిజం తేల్చడం, నేరం రుజువు చేయడం, శిక్ష వేయించడం తమ పని కాదని ఈ పిల్లలకు తెలుసు, అందుకే వారిని నమ్మవచ్చు. తగ్గించిన మార్కు గోప్యత గురించి వారు గోడమీద రాసి పెట్టిన హామీకి సంబంధించినది. ఆ హామీని వారు నిలబెట్టుకోలేని సందర్భం ఒకటి ఉంది.

కేంద్రం అనడమే గాని, ఉన్నది గ్రంథాలయం వెనక పాత పత్రికలు పెట్టే గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తాళం పడే ఇనుప బీరువా. ఆ చోటును ఎంచుకోవడంలో ముందుచూపు ఉంది. పత్రికల కోసం, పాత ప్రశ్నపత్రాల కోసం ఆ గదికి రోజంతా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కనుక, లోపలికి వెళ్లిన అమ్మాయి ఏ పని మీద వెళ్లిందో బయటివారికి తెలియదు. ప్రిన్సిపాలు గది పక్కన ‘మహిళా సహాయ కేంద్రం’ అని పెద్ద బోర్డు పెట్టి, ఆ బోర్డు కిందికి ఎవరూ రావడం లేదు కాబట్టి మా దగ్గర సమస్యే లేదని చెప్పుకొనే కళాశాలలను నేను చూశాను. ఇక్కడ మధ్యాహ్న భోజన విరామంలోను, సాయంత్రం తరగతులు ముగిశాక తెనాలి, సత్తెనపల్లి, నరసరావుపేట బళ్లు అందుకోవలసినవారు బయలుదేరేలోపును ఇద్దరు కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా అమ్మాయి. వచ్చినవారు ‘అక్కా’ అనే పిలుస్తారు. ‘మేడం’ అని పిలవవలసిన మనిషి ఆ గదిలో లేకపోవడమే సగం ధైర్యం.

బల్ల దగ్గర మొదట అడిగే ప్రశ్నలు మూడే. ఇప్పుడు నీకు ప్రమాదమేమైనా ఉందా, డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన అవసరం ఉందా, నీ వయసెంత. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎప్పుడు, ఎందుకు ఊరుకున్నావు అన్న ప్రశ్నలు అసలు వేయరు. ఆమె తనంతట తాను చెబితే వింటారు, కాని రాసుకోరు. దీనికి వాళ్లు చెప్పే కారణం, పదిమందికి పదిసార్లు చెప్పించడం ఆ మనిషిని మళ్లీ మళ్లీ గాయపరచడమేనని. అది నిజమే. న్యాయవాదిగా నేను మరొకటి చేరుస్తాను. కార్యకర్త రాసి పెట్టుకున్న కాగితం రేపు విచారణలో బయటికి వస్తే, ఆమె పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికీ ఈ కాగితానికీ ఉన్న ప్రతి చిన్న తేడానూ అవతలి న్యాయవాది పట్టుకుని ఆమెను అబద్ధాలకోరుగా నిలబెట్టడానికి చూస్తాడు. ఆ వాదన ఎలా సాగుతుందో నాకు బాగా తెలుసు. అందువల్ల కథనం రాయకూడదన్న నియమం ఈ కేంద్రానికి ఉన్న అన్ని నియమాల్లోకీ విలువైనదని నా అభిప్రాయం. ఆమె స్వయంగా ఫిర్యాదు రాసుకుంటానంటే కాగితం, కలం ఇచ్చి పక్కన కూర్చుంటారు, వాక్యాలు ఆమెవే.

మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేవారిలో చాలామందికి 18 ఏళ్లు నిండి ఉండవు. ఆ వయసు నిండని వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే ఆ సంగతి పోలీసులకు తెలియజేయాలని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ఆదేశిస్తుంది. తెలియజేయకపోతే 21వ సెక్షను కింద 6 నెలల దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తెలిసి ఊరుకున్నది తానూ 18 నిండని పిల్లో పిల్లవాడో అయితే ఆ శిక్ష లేదు, కాని బల్ల దగ్గర కూర్చునే కార్యకర్తలందరూ ఆ వయసు దాటినవారే. అంటే 17 ఏళ్ల అమ్మాయి విషయంలో ‘నీ ఇష్టం, నువ్వు వద్దంటే ఎవరికీ చెప్పం’ అనే స్వేచ్ఛ వీరికి లేదు. 18 నిండినవారి విషయంలో పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె నిర్ణయమే.

ఈ తేడా కార్యకర్తలకు తెలుసు, వయసు ముందే అడగడానికి కారణం అదే. చిక్కు ఎక్కడంటే, గదిలో గోడకు అంటించిన కాగితం మీదా, చేతిపుస్తకం మొదటి పుటలోనూ ‘మీరు చెప్పింది ఈ గది దాటదు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ వాక్యాన్ని నమ్మి నోరు విప్పిన అమ్మాయికి, తీరా చెప్పాక, నీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి మేము పోలీసులకు చెప్పక తప్పదు అంటే, ఆమె ఇక ఎవరినీ నమ్మదు. వయసు ఎందుకు అడుగుతున్నారో అడిగే ముందే చెప్పాలి. అది చెప్పాక ఆమె ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయినా సరే, మోసపోయానని మాత్రం అనుకోదు. నిర్వాహకులతో ఈ మాట అన్నాను. కాగితం మారుస్తామన్నారు, నేను రాస్తున్ననాటికి పాత కాగితమే ఉంది.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది వారు ‘దారి పరిచయం’ అని పిలిచే ఏర్పాటు. కొత్తగా చేరిన కార్యకర్త బల్ల దగ్గర కూర్చోవడానికి ముందు, ఏ కేసూ లేని మామూలు రోజున, ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్) అత్యవసర విభాగానికి, మహిళా పోలీసు స్టేషనుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి, హింసకు గురైన స్త్రీలకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రానికి వెళ్లి రావాలి. జీజీహెచ్‌లో ఏ ద్వారం గుండా వెళ్లాలి, ఓపీ చీటీ ఎక్కడ రాస్తారు, మెడికో లీగల్ కేసు (నేరంతో ముడిపడిన కేసని ఆసుపత్రి రాసుకునే నమోదు) ఎవరు రాస్తారు, ఆడవాళ్లు కూర్చోవడానికి నీడపట్టున చోటెక్కడ, మంచినీళ్లెక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, రాత్రిపూట ఏ గేటు తెరిచి ఉంటుంది అన్నవి చూసి రాసుకుంటారు. పల్నాడు, బాపట్ల వైపు నుంచి కూడా జనం వచ్చే ఆసుపత్రి అది. ఎప్పుడు చూసినా కిటకిటలాడుతూ ఉంటుంది. అక్కడ తొలిసారి అడుగుపెట్టిన మనిషికి కౌంటరు దొరకడానికే చాలా సమయం పడుతుంది. దెబ్బతిని ఉన్న అమ్మాయిని పక్కన పెట్టుకుని ఎవరిని అడగాలో తెలియక నిలబడిపోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర లేదు. నేను వారితో కలిసి తిరిగినప్పుడు రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి స్టేషను మెట్ల దగ్గర కాసేపు తటపటాయించి, లోపలికి వెళ్లి, ‘మేము ఫలానా కళాశాల నుంచి వచ్చాం, సార్, అవసరమొస్తే ఎవరిని కలవాలో తెలుసుకుందామని’ అని చెప్పి, డ్యూటీలో ఉన్నవారి వివరం రాసుకుని బయటికి వచ్చింది. స్టేషను గడప తొక్కడమంటేనే అప్రతిష్ఠగా భావించే కుటుంబాల పిల్లలు వీళ్లు. ఆ జంకు కార్యకర్తకు ముందే పోవాలి. లేకపోతే తోడు వెళ్లినామె భయం తీర్చే పని కూడా బాధితురాలి మీదే పడుతుంది.

ఇనుప బీరువాలో ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో కొత్త సల్వారు కమీజు జతలు రెండు సైజుల్లో, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, ఖాకీ కాగితపు కవర్లు, నీళ్ల సీసా, బిస్కెట్ పొట్లం, కలం, తెల్ల కాగితాలు, ఆటో ఖర్చులకు డబ్బు ఉన్నాయి. పరీక్ష సమయంలో ఒంటిమీది బట్టలు సాక్ష్యంగా తీసుకుంటే, ఆమె ఇంటికి ఏం కట్టుకుని వెళ్లాలి అన్న ప్రశ్న పెద్దపెద్ద కమిటీలకు తట్టదు. ఇరవై ఏళ్ల పిల్లలకు తట్టింది. తోడు వెళ్లినవారికి రెండే నియమాలు: ఆమె తరఫున మాట్లాడకూడదు, ఆమె పంపేదాకా పక్కనుంచి కదలకూడదు.

చేతిపుస్తకం చిన్నదే, తెలుగులో ఉంది, జేబులో పడుతుంది. వైద్యానికి సంబంధించిన పుటలు చక్కగా ఉన్నాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలలోని ముఖ్యాంశాలన్నీ వాడుక మాటల్లో పెట్టారు. ఘటన జరిగిన 96 గంటల్లోపు వెళితే శరీరం మీది ఆధారాలు సేకరిస్తారని, వీలైతే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళ్లాలని, బట్టలను ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి ఆధారాలు పాడవుతాయి కనుక కాగితపు కవరులో పెట్టాలని ఉంది. ఆ వెంటనే, స్నానం చేసేసినా, నాలుగు రోజులు దాటిపోయినా వెళ్లడం మానవద్దు, చికిత్స హక్కుకు గడువు లేదు అన్న వాక్యం ఉంది. ఆ రెండో వాక్యం లేకుండా మొదటిది మాత్రమే అచ్చువేసే కరపత్రాలు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి, ఎందుకంటే మన ఇళ్లలో ఇటువంటిది జరిగినప్పుడు అమ్మలు మొదట చేయించేది తలస్నానమే. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలని, గర్భనిరోధక మాత్ర కూడా 72 గంటల్లోపు వేసుకుంటే మంచిదని, ఐదు రోజుల దాకా వాడవచ్చని స్పష్టంగా ఉంది.

ఎఫ్ఐఆర్ లేనిదే చూడమని ఏ ఆసుపత్రీ అనరాదని, ప్రైవేటు ఆసుపత్రి అయినా తొలి చికిత్స ఉచితంగా చేయవలసిందేనని, నిరాకరిస్తే అది నేరమని కూడా రాశారు. ఇవి కొత్త నేర చట్టాలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షను, భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షను చెప్పే మాటలే. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇస్తుంది, అయినా తనకు కేసు వద్దని చెప్పే హక్కు 18 నిండినామెకు ఉంది, ఆ నిరాకరణను డాక్టరు రాసుకుని చికిత్స చేయాలి అన్న సూక్ష్మమైన విషయం కూడా వదలలేదు. ఆమెకు అంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని చూడడానికి చేసే రెండు వేళ్ల పరీక్ష బాధితురాలి గౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు 2013లో చెప్పిందని, 2022 అక్టోబరులో ఆ పరీక్ష చేసిన డాక్టరును దుష్ప్రవర్తన కింద బాధ్యుణ్ణి చేస్తామని గట్టిగా హెచ్చరించిందని ఉంది. పరీక్షలో ఏ భాగానికైనా ‘వద్దు’ అనవచ్చునని దాని కిందే రాశారు.

పోలీసు పుటలు ఇంత బాగా లేవు. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఎక్కడి స్టేషనులోనైనా ఫిర్యాదు (జీరో ఎఫ్ఐఆర్) ఇవ్వవచ్చునని, ఈ తరహా నేరాల్లో సమాచారాన్ని మహిళా అధికారి రాసుకోవాలని, దాని నకలు ఉచితంగా ఇవ్వాలని, ఎలక్ట్రానిక్ మార్గంలో పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలని సరిగానే రాసి, సెక్షన్ల దగ్గరికి వచ్చేసరికి పాత భారత శిక్షాస్మృతి నంబర్లు వేశారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి జరిగిన ఘటనల్లో లైంగిక వేధింపునకు 354ఏ అని కాక 75 అని, వెంటపడి వేధించడానికి 354డీ అని కాక 78 అని, రహస్యంగా చూడడం, చిత్రీకరించడానికి 354సీ అని కాక 77 అని, మాటలతో, సైగలతో అవమానించడానికి 509 అని కాక 79 అని ఉండాలి. అత్యాచారానికి శిక్ష 376 నుంచి 64కు మారింది. ఆ తేదీకి ముందు జరిగిన వాటికి మాత్రం పాత నంబర్లే వర్తిస్తాయి. ఫిర్యాదులో సెక్షను నంబరు తప్పు పడినంత మాత్రాన కేసు పోదు. అసలు నంబరు రాయవలసిన అవసరమే ఫిర్యాదుదారుకు లేదు. కాని స్టేషనులో బల్లకు అవతల కూర్చున్నాయన ‘ఈ సెక్షన్లు ఇప్పుడు లేవమ్మా’ అని నవ్వితే, అంతదూరం ధైర్యం కూడగట్టుకుని వచ్చిన పిల్ల వెనుదిరిగే అవకాశం ఉంది. ఈ పుటలు తిరిగి అచ్చువేయాలి.

కళాశాల లోపలి కమిటీ గురించిన భాగం పుస్తకానికి ప్రాణం. 1997 ఆగస్టులో విశాఖ కేసులో (ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు) సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు, వాటి ఆధారంగా పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి వచ్చిన 2013 చట్టం, దాన్ని అనుసరించి ఉన్నత విద్యాసంస్థల కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016 మే నెలలో ప్రకటించిన నిబంధనలు, వీటన్నిటినీ ఉపన్యాసంలా చెప్పకుండా ఒక తేదీల పట్టీగా మార్చారు. ఘటన జరిగిన తేదీ దగ్గర ఖాళీ ఉంటుంది. అది నింపుకుంటే ఫిర్యాదుకు 3 నెలలు, తగిన కారణముంటే కమిటీ ఇవ్వగల మరో 3 నెలలు, విచారణ పూర్తికి 90 రోజులు, నివేదికకు 10 రోజులు, దానిపై చర్యకు 30 రోజులు, అప్పీలుకు 30 రోజులు వరుసగా కనిపిస్తాయి. విచారణను సాగదీసి, ఆ అమ్మాయి చదువు పూర్తయి వెళ్లిపోయేదాకా ఊరుకునే అలవాటు ఉన్న చోట్ల ఈ పట్టీకి మించిన సాధనం లేదు. సెమిస్టరు పరీక్షలు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు అని ఎవరు ఏ సాకు చెప్పినా ఈ గడువులు ఆగవు.

విచారణ సాగుతున్నంతకాలం ఫిర్యాదుదారుకు హాజరులో సడలింపు ఇవ్వాలని, కావలసివస్తే విభాగం గాని, గైడు గాని మార్చాలని, ఆరోపణ ఎదుర్కొంటున్న అధ్యాపకుడు ఆమె పరీక్షలు, పనితీరు మూల్యాంకనం చేయకూడదని నిబంధనల్లో ఉన్న సంగతి చాలామంది ప్రిన్సిపాళ్లకే తెలియదు. ఇంటర్నల్ మార్కులు, ప్రాజెక్టు వైవా, 75 శాతం హాజరు, ఈ మూడింటి భయంతోనే మన పిల్లలు నోరు మూసుకుంటారు. అందుకని ఈ మూడింటికీ విడివిడిగా అర్జీల నమూనాలు పుస్తకంలో ఇచ్చారు. ఖాళీలు నింపి సంతకం చేస్తే చాలు. రాసిన తీరు మర్యాదగానూ ఉంది, తప్పించుకోవడానికి వీల్లేకుండానూ ఉంది. ఆ నమూనాలు రాసిన అమ్మాయి న్యాయశాస్త్రం చదవాలని నా కోరిక.

ఇక వారు కళాశాల చేత చేయించినవి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు వచ్చినప్పుడు అంతర్గత కమిటీలో ముగ్గురు విద్యార్థి సభ్యులు ఉండాలని, వారు పారదర్శకంగా ఎన్నిక కావాలని యూజీసీ నిబంధన. ఎక్కువ చోట్ల జరిగేది, ర్యాంకర్లను ముగ్గురిని పిలిచి సంతకాలు పెట్టించుకోవడం. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 1999లో ఏర్పడిన కమిటీలో విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండేవారు. 2017లో దాన్ని తీసేసి అంతర్గత కమిటీని పెట్టినప్పుడు విద్యార్థుల అభ్యంతరమంతా ఈ ఎన్నిక చుట్టూనే తిరిగింది. ఇక్కడి విద్యార్థులు ఆ చరిత్ర చదువుకున్నారు. ధర్నాలకు దిగకుండా, నిబంధన ప్రతిని జతచేసి అర్జీ మీద అర్జీ పెట్టి, తరగతి ప్రతినిధుల సంతకాలు సేకరించి, రహస్య బ్యాలెట్‌తో ఎన్నిక జరిపించుకున్నారు. కమిటీలో డీన్లు, విభాగాధిపతులు ఉండరాదన్న నియమాన్ని చూపించి ఒక విభాగాధిపతి పేరు తీయించారు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో ప్రతి అంతస్తులోనూ, అమ్మాయిల విశ్రాంతి గదిలోనూ పెట్టించారు. వెనక గేటు దగ్గర దీపం, కళాశాల బస్సులో వెనక సీట్ల దాకా కనిపించేలా అద్దం వంటివి కూడా జరిగాయి.

ఒక చోట మాత్రం వారి ఆలోచన కళాశాల ప్రహరీ దగ్గరే ఆగిపోయింది. గుంటూరులో చదువుకునే అమ్మాయిల్లో ఎందరో ఉండేది కళాశాల హాస్టళ్లలో కాదు, బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం సందుల్లోని ప్రైవేటు హాస్టళ్లలో. అక్కడ వంటవాడో, మేనేజరో, యజమాని బంధువో ఇబ్బంది పెడితే ‘అది మా పరిధి కాదు, పోలీసులకు చెప్పండి’ అని పుస్తకంలో ఒక్క ముక్క ఉంది. పోలీసు మార్గం ఉన్నమాట నిజమే. కాని 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే స్త్రీ ఆ పనిచోట ఉద్యోగిని కానక్కర లేదు. ఉద్యోగిని అయినా కాకపోయినా, ఏ వయసుదైనా, ఆ పనిచోట వేధింపునకు గురైతే చాలు. పదిమంది లోపు పనివాళ్లున్న హాస్టలు మీద గాని, నేరుగా యజమాని మీద గాని ఫిర్యాదు ఉంటే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. ప్రతి జిల్లాలోనూ ఈ యంత్రాంగం పనిచేసేలా చూడాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో మళ్లీ ఆదేశాలిచ్చింది. పోలీసు కేసంటే వెనకాడే అమ్మాయికి ఇది రెండో దారి. ఈ దారి లేకుండా గుంటూరు పిల్లల కోసం రాసిన పుస్తకం పూర్తయినట్లు కాదు.

మన ప్రాంతానికి ఈ విషయంలో చేదు జ్ఞాపకాలున్నాయి. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో వసతిగృహంలో ఉన్న ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసిన వ్యక్తిని 2017లో హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న అమ్మాయి మరణం తరువాత ర్యాగింగ్, వేధింపుల ఆరోపణలపై ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లాలోని ఒక ఇంజనీరింగు కళాశాల హాస్టలులో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో విద్యార్థినులు రాత్రివేళ ఆందోళనకు దిగారు; పోలీసులు వెతికి కెమెరాలు దొరకలేదన్నారు. శిక్షణ తరగతిలో ఈ మూడింటినీ పేర్లు లేకుండా చర్చకు పెట్టారు. మూడో ఉదంతం మీద సాగిన చర్చ నాకు బాగా నచ్చింది. కెమెరా ఉందా లేదా అన్నది కాదు, అనుమానం వచ్చిన అమ్మాయి మొదటి రోజునే నమ్మకంగా వెళ్లి చెప్పుకొనే మనిషి కళాశాలలో ఎవరు అన్నది వారు వేసుకున్న ప్రశ్న. వీడియోలు వాట్సాప్ గుంపుల్లో తిప్పడం ఆ అమ్మాయికి రెండోసారి అన్యాయం చేయడమేనని, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్, లింకు దాచుకుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వాలని నేర్పారు. లైంగిక దాడికి గురైనవారి పేరు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరమని, న్యాయం కోసం కొవ్వొత్తులు పట్టుకుని ఫొటో వేసేవారికీ అది వర్తిస్తుందని చెప్పినప్పుడు గదిలో కొందరు తమ ఫోన్లు తీసి పాత పోస్టులు చూసుకోవడం గమనించాను.

అబ్బాయిల పాత్ర గురించి తల్లిదండ్రులకు అనుమానాలుంటాయి కనుక ఒక మాట. అబ్బాయిలు కార్యకర్తలుగా ఉండడం అలంకారం కోసం కాదు. వేధింపునకు గురయ్యేవారిలో కొందరు మగపిల్లలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా ఉంటారని యూజీసీ నిబంధనలే గుర్తించాయి. హాస్టలు గదుల్లో సీనియర్ల చేతుల్లో ఇటువంటివి పడిన అబ్బాయి తన సంగతి చెప్పుకోవడానికి బల్లకు అవతల ఒక అబ్బాయి ఉండడం అవసరం. ఆరోపణ ఎదుర్కొంటున్నవారికి మాత్రం ఈ కేంద్రం సాయం చేయదు, చేయకూడదు కూడా. వారికి జవాబు ఇచ్చుకునే హక్కు, సాక్షులను పెట్టుకునే హక్కు కమిటీ విచారణలో ఉన్నాయని చెప్పి పంపుతారు. ‘తప్పుడు ఫిర్యాదు చేస్తే?’ అని శిక్షణలో ఒక విద్యార్థి అడిగాడు. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేసినట్లు విచారణలో తేలితే చర్య ఉంటుంది, రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధం అయిపోదు అని చట్టం చెప్పినదానికి ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా జవాబిచ్చారు. విసుక్కోలేదు, వాదానికి దిగలేదు.

లోపాల్లో మిగిలినవి నిర్వహణకు సంబంధించినవి. కథనాలు రాయరు గాని, ఏ రోజు ఎంతమంది వచ్చారు, ఎక్కడికి తోడు వెళ్లారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాస్తారు. పేరు ఉండదు, తరగతి, తేదీ ఉంటాయి. చిన్న కళాశాలలో తరగతి, తేదీ ఉంటే పేరు ఉన్నట్లే. తరగతి రాయడం మానేయాలి. బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయన్నది నాకు స్పష్టంగా తెలియలేదు, అది స్పష్టంగా ఉండవలసిన విషయం. ఇదంతా నెత్తిన వేసుకున్న కార్యకర్తలు కూడా పిల్లలే; విన్నవి మనసులో పెట్టుకుని నిద్రపట్టక తిరిగేవారి కోసం నెలకొకసారి మనస్తత్వ నిపుణురాలు వస్తారు, అది చాలదు. మూడో సంవత్సరం పూర్తిచేసినవారు వెళ్లిపోగానే సగం అనుభవం వారితోనే వెళ్లిపోతుంది. వెళ్లేవారు కొత్తవారితో ఒక సెమిస్టరు కలిసి కూర్చోవాలన్న నియమం కాగితం మీద ఉంది. వేసవి సెలవుల్లో కేంద్రం మూతపడుతుంది, ఆ రెండు నెలలూ తలుపు మీద ఏమీ రాసి ఉండదు.

చేతిపుస్తకం వెనక అట్ట మీద అత్యవసరానికి 112, మహిళా సహాయానికి 181, ఉచిత న్యాయ సహాయానికి 15100, మానసిక సాంత్వనకు టెలీ మానస్ 14416, ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800 180 5522 ఉన్నాయి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయవాదిని పొందే హక్కు ఉందన్న సంగతి 15100 పక్కన ఒక్క వరుసలో చేరిస్తే బాగుంటుంది, లేకపోతే అది పేదవారికి మాత్రమే అనుకుని వదిలేస్తారు. ఈ అట్టనే వేసవిలో గది తలుపుకు అంటించవచ్చు. ఇతర కళాశాలల విద్యార్థులు గ్రంథాలయానికి వెళ్లి అడిగితే పుస్తకం ఉచితంగా ఇస్తున్నారు. తీసుకునేవారు పోలీసు పుటల్లోని సెక్షన్ల నంబర్లను పైన నేను రాసిన వాటితో దిద్దుకుని వాడుకోవాలి.